8 అని రాసిన చోట 16

మా నాన్న నోటు పుస్తకాలు మొత్తం 31. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేస్తూనే రాత్రిళ్లు పద్యనాటకాలు ఆడేవాడు. తన వంతు పద్యాలు, ఎదుటి పాత్ర చెప్పే ఆఖరి మాట, రాగం ఎక్కడ మారాలి, హార్మోనియం ఎక్కడ ఆగాలి, అన్నీ లాంగ్ నోటు పుస్తకాల్లో రాసుకునేవాడు. పద్యం నీలం సిరాతో, రాగం పేరు ఎర్ర సిరాతో. ఇప్పుడా ఎరుపు వెలిసి లేత గులాబీ రంగుకొచ్చింది. కొన్ని పేజీల అంచున గ్రీజు వేలిముద్రలు కూడా ఉన్నాయి. ఆ రంగు పూర్తిగా పోకముందే అన్నీ స్కాన్ చేసి దాచాలని ఎండాకాలం సెలవుల్లో కూర్చున్నాను. నలుపు తెలుపులో తీస్తే నీలమూ ఎరుపూ ఒకటే అయిపోతాయి. అందుకే కలర్‌లో, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున తీస్తున్నాను.

నాలుగో పుస్తకం దగ్గర ల్యాప్‌టాప్ మొరాయించింది.

అది 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, 2012 మధ్యలో వచ్చిన మోడల్. నేను కొన్నది 2014లో, పీహెచ్‌డీ రాసుకునే రోజుల్లో. కొన్నప్పుడు 4 జీబీ ర్యామ్ (తెరిచిన ఫైళ్లు పని జరిగేంతసేపు ఉండే మెమరీ), తిరిగే హార్డ్ డిస్క్. 2018లో డిస్క్ తీసి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 చేయించాను. కంపెనీ మాన్యువల్ ప్రకారం అదే ఆఖరు. ఆ తర్వాత మెమరీ గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఇప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఏ4 కాగితం 600 డీపీఐలో అడ్డంగా 4,960 చుక్కలు, నిలువుగా 7,016. రెండూ గుణిస్తే దాదాపు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. కలర్ అంటే ఒక్కో చుక్కకు 3 బైట్లు, అంటే పేజీకి 104 ఎంబీ. డిస్క్ మీద అదే పేజీ జేపెగ్‌గా చిన్నగానే ఉంటుంది. తెరిచేసరికి మాత్రం మెమరీలో మొత్తం విప్పుకోవాల్సిందే. పైగా నేను వాడే ప్రోగ్రామ్ అసలు పేజీ ఒకటి, వంకర సరిచేసిన పేజీ ఒకటి, మరకలు తీసిన పేజీ ఒకటి, మూడూ పక్కపక్కన పెట్టుకుంటుంది. పేజీకి 300 ఎంబీ పైమాటే. 20 పేజీలు తెరిస్తే 6 జీబీ అయిపోయింది. మిగతా 2 జీబీలో ఆపరేటింగ్ సిస్టమ్, బ్రౌజర్, స్కానర్ సాఫ్ట్‌వేర్ సర్దుకోవాలి. ఈ మోడల్‌లో గ్రాఫిక్స్‌కు విడిగా మెమరీ లేదు, అది కూడా ఇందులోంచే తీసుకుంటుంది.

యాక్టివిటీ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబ్ చూస్తే కింద గ్రాఫ్ ఎర్రగా ఉంది. స్వాప్ 5 జీబీ దాటింది. అంటే ర్యామ్‌లో చోటు చాలక డిస్క్ మీద సర్దుతోంది. ఎస్ఎస్‌డీ కాబట్టి అంతమాత్రమైనా నడిచింది. ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా ఇంకా తిరిగే డిస్కే ఉంటే, ర్యామ్ కంటే ముందు ఆ డిస్క్ మార్చుకోండి. రోజువారీ వాడకంలో తేడా అక్కడే ముందుగా తెలుస్తుంది.

దగ్గర్లో ఉన్న ఒక సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి మోడల్ చూసి, కంప్యూటర్‌లో ఏదో వెతికి, "మేడమ్, దీనికి మ్యాక్సిమమ్ 8. ఆల్రెడీ 8 ఉంది. ఇంక కొత్తది తీసుకోవాల్సిందే" అన్నాడు. అతని స్క్రీన్ మీద ఉన్నదే అతను చెప్పాడు. కానీ నాకు కావాల్సింది 31 పుస్తకాలు పూర్తయ్యేదాకా నడవడం. అందుకోసం కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేదు.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్తే, "16 వేస్తే పడుతుందంటారు గానీ అక్కా, కంపెనీవాడు ఊరికే రాస్తాడా? బస్సుకు రాసిన దానికి డబల్ మందిని ఎక్కిస్తే ఏమవుతుందో నాన్న చెప్పేవాడు కదా" అన్నాడు.

ఆ మాట రెండు రోజులు నా మనసులో తిరిగింది. చివరికి నాకు తోచింది ఇది: బస్సు ఎక్కే జనం ర్యామ్ కాదు, నా పేజీలు. ర్యామ్ అంటే సీట్లు. ఇప్పుడు నా పేజీలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాయి, ఆ వేలాడటం పేరే స్వాప్. సీట్లు ఎక్కువ బిగిస్తే బస్సు మీద బరువు పెరగదు. బిగించడానికి ఛాసిస్‌లో చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

దానికి జవాబు ఆ కంపెనీ కాగితాల్లోనే దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-3210ఎం. అదే 2012 చివర్లో యాపిల్ తెచ్చిన మ్యాక్ మినీ అనే చిన్న డెస్క్‌టాప్ పెట్టె బేసిక్ మోడల్‌లో ఉన్నదీ ఇదే ప్రాసెసర్. రెండింట్లోనూ రెండేసి ర్యామ్ స్లాట్లు, రెండింటికీ 1600 మెగాహెర్ట్జ్ వేగం, డీడీఆర్3 రకం ర్యామ్. మ్యాక్ మినీకి మాత్రం కంపెనీయే 16 జీబీ వరకు ఇచ్చింది. 13 అంగుళాల ల్యాప్‌టాప్‌ని 8 వరకే అమ్మింది, మాన్యువల్‌లోనూ 8 అనే రాసింది. మెమరీని నడిపించే కంట్రోలర్ ఆ తరం ప్రాసెసర్లలో ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఒకే ప్రాసెసర్ ఆ పెట్టెలో 16 చూడగలిగితే, ల్యాప్‌టాప్‌లో చూడలేకపోవడానికి కారణం నాకు కనబడలేదు. ఆ సంవత్సరం జూన్‌లోనే వచ్చిన 15 అంగుళాల రెటీనా మోడల్‌ని కూడా 16 జీబీతో అమ్మారు. దాంట్లో ర్యామ్ బోర్డుకు అతికించి ఉంటుంది, మనం మార్చుకోలేం. నాది విప్పి మార్చుకోగలిగిన ఆఖరి తరం మ్యాక్‌బుక్ ప్రో.

ఇంటెల్ వివరాల పేజీలో ఈ ప్రాసెసర్ గరిష్ఠ మెమరీ 32 జీబీ అని ఉంటుంది. అది చూసి 16 జీబీ కర్రలు (స్లాట్‌లో దూర్చే ర్యామ్ పలకలు) రెండు వేద్దామనుకుంటే కుదరదు. ఇది అర్థం కావడానికి నాకు కాస్త టైమ్ పట్టింది, అర్థమైన విధంగానే చెప్తాను.

నేను ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా దగ్గర పాత యాక్సెషన్ రిజిస్టర్లు ఉన్నాయి. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక నంబరు వేసి అందులో ఎక్కిస్తాం. పాతవాటిలో నంబరు గడికి నాలుగు అంకెలే పట్టేలా గీతలు గీసి ఉంటాయి. 9,999 దాకా పుస్తకాలు ఎక్కించవచ్చు. 10,000వ పుస్తకం అల్మరాలో పెట్టడానికి చోటు ఎంతున్నా, రిజిస్టర్‌లో రాయడానికి గడి లేదు. రాయకపోతే అది మా లెక్కలో లేనట్టే.

ర్యామ్ చిప్‌కీ అలాంటి గళ్లే ఉంటాయి. 8 జీబీ డీడీఆర్3 కర్ర మీద రెండు వైపులా కలిపి 16 నల్ల చిప్పులు, ఒక్కోటి 4 గిగాబిట్లు. 16 నాలుగులు 64 గిగాబిట్లు, 8తో భాగిస్తే 8 జీబీ. ఆ చిప్‌లో ఒక చోటును చేరుకోవాలంటే వరస నంబరుకు 16 బిట్లు, నిలువు నంబరుకు 10, ఏ బ్యాంకో చెప్పడానికి 3 కావాలి. నా ప్రాసెసర్‌కి ఇంతవరకు గళ్లు ఉన్నాయి. 16 జీబీ డీడీఆర్3 కర్రలో 8 గిగాబిట్ల చిప్పులు ఉంటాయి. ఈ తరం కంట్రోలర్‌కి వాటిని చదవడం రాదు. కాబట్టి స్లాట్‌కి 8 జీబీయే హద్దు. రెండు స్లాట్లున్న ల్యాప్‌టాప్‌కి 16, నాలుగు స్లాట్లున్నదానికి 32. ఇంటెల్ చెప్పే 32 ఆ నాలుగు స్లాట్ల లెక్క.

అంటే నా ల్యాప్‌టాప్‌కి రెండు హద్దులున్నాయి. 8 అనేది కంపెనీ రాసిన హద్దు, 16 అనేది రిజిస్టర్ గళ్ల హద్దు. మొదటిది దాటవచ్చు, రెండోది దాటలేం. పాత ల్యాప్‌టాప్ ఎవరిదైనా ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడానే. దీన్ని వదిలేసి "రాసినదానికి డబల్ పడుతుంది" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని డబ్బులు పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే అన్నిటికీ పడదు. ఇంటెల్ 945 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మెమరీతో కలిపే చిప్పులు) ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ పెట్టినా 3 జీబీ చిల్లరే వాడకంలోకి వస్తుంది, అడ్రసులు అక్కడితో ఆగిపోతాయి. చిన్న నెట్‌బుక్కుల్లో వచ్చిన ఆటమ్ ఎన్450 ప్రాసెసర్‌కి 2 జీబీయే నిజమైన హద్దు. 2010లో వచ్చిన మొదటి తరం కోర్ ఐ5, ఐ3 ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 8 నిజంగానే 8. మరోవైపు మ్యాక్‌బుక్ ప్రోల్లో 2010 మధ్యలో వచ్చిన 13 అంగుళాల మోడల్, 2011 మోడళ్లు కాగితం మీద 8 అయినా 16 తీసుకుంటాయి. 2010 దాంట్లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ 10.7.5 గానీ ఆపైది గానీ ఉండాలి.

ఇంకో హద్దు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 హోమ్ బేసిక్ ఉండేది. మన దగ్గర అమ్మిన చాలా ల్యాప్‌టాప్‌లలో అదే వచ్చేది. అది 64 బిట్ అయినా 8 జీబీ దాటి వాడుకోదు. హోమ్ ప్రీమియం అయితే 16 దాకా. 32 బిట్ విండోస్ అయితే ఏది పెట్టినా 4 లోపే. గరిష్ఠ మెమరీ ఎంతో చూపించే కమాండ్లు విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఉన్నాయి కానీ, అవి బయోస్‌లో, అంటే బోర్డు మీద ముందే ఉండే ప్రోగ్రామ్‌లో, ఎవరో రాసిపెట్టిన అంకెనే చదివి వినిపిస్తాయి. ఆ అంకె తప్పు కావచ్చు. ప్రాసెసర్ పేరు, చిప్‌సెట్ పేరు పట్టుకుని వెతకడమే నమ్మకమైన దారి.

ఒక శనివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో లైన్ మారి, తర్వాతి స్టేషన్ ప్యారడైజ్‌లో దిగాను. అక్కడినుంచి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడక. సీటీసీ అంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లెవరికీ వేరే చెప్పక్కర్లేదు. కింద కొత్త ల్యాప్‌టాప్‌ల షాపులు మెరుస్తుంటాయి. నాకు కావాల్సినవి లోపలి వరసల్లో, ఒక మనిషి కూర్చుని చుట్టూ డబ్బాలు పేర్చుకునేంత చోటున్న షాపులు.

మొదటి రెండు చోట్ల "8 కంటే తీస్కోదు మేడమ్" అనే అన్నారు. మూడో చోట పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "మోడల్ నంబర్ చెప్పమ్మా" అన్నాడు. వెనక రాసి ఉన్న ఎ1278 అని చెప్పాను.

"అది కాదమ్మా. ఎ1278 అని 2008 నుంచి 2012 దాకా అన్నిటికీ రాసిండ్రు. ఏ సాల్‌ది?"

ఈ ఒక్క ప్రశ్నతో ఆయన మీద నమ్మకం కుదిరింది. నిజమే. ఆ ఒక్క నంబరు కింద 1066, 1333, 1600, మూడు వేగాల ర్యామ్‌తో ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. వెనకున్న నంబరు చూసి ర్యామ్ కొంటే తప్పుడుది చేతిలో పడటం ఖాయం. 2012 మధ్యది అని చెప్పగానే ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, నలుపు బ్యాగుల్లో ఉన్నవి నాలుగు బయట పెట్టాడు. "16 ఆరాంగా తీస్కుంటది. నేనే మస్తు మందికి ఏశిన. కానీ జోడి ఒక్కలాంటిదే తీస్కో."

కర్ర మీది స్టిక్కర్ ఎలా చదవాలో అక్కడే నేర్చుకున్నాను. 8జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్. మొదటిది సైజు. 2ఆర్ అంటే చిప్పులు రెండు వరసలుగా పనిచేస్తాయి, ఎక్స్8 అంటే ఒక్కో చిప్ ఒకసారికి 8 బిట్లు ఇస్తుంది. పీసీ3 అంటే డీడీఆర్3. పక్కన ఎల్ ఉంటే 1.35 వోల్టులతో కూడా నడిచేది. మామూలు డీడీఆర్3 నడిచేది 1.5తో, ఎల్ రకం ఆ 1.5ని కూడా తట్టుకుంటుంది కాబట్టి డీడీఆర్3 స్లాట్‌లో భయం లేకుండా పెట్టుకోవచ్చు. 12800 అంటే సెకనుకు 12,800 ఎంబీ, అంటే మనం 1600 అని పిలిచే వేగం. చివర ఎస్ అంటే ల్యాప్‌టాప్ సైజు. దానికి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, గాటు కూడా వేరే చోట ఉంటుంది. ఒకదాని చోట ఇంకోటి దూరదు.

సెకండ్ హ్యాండ్ జత 1,900 రూపాయలు అన్నాడు. వారం లోపు ఏ తేడా వచ్చినా మారుస్తానని బిల్లు వెనక రాయించుకున్నాను. ఆ రాత కోసం ఇంకో వంద ఎక్కువ అడిగినా ఇచ్చేదాన్ని.

ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాను. ముందు డిస్క్ మొత్తం బయటి డ్రైవ్‌లోకి బ్యాకప్. తర్వాత షట్‌డౌన్. నూలు చీర కట్టుకుని, ఫ్యాన్ ఆపి, కిటికీ ఊచలు ఒకసారి పట్టుకుని కూర్చున్నాను. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, ఒంట్లో చేరిన స్టాటిక్ ఒక్క చిటుక్కుమంటే చిప్ పోవచ్చు.

వెనక మూతకు 10 స్క్రూలు, 3 పొడవు, 7 పొట్టి. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఏ మూలనుంచి వచ్చిందో ఆ మూలలోనే పెట్టాను. ఇది నాన్న అలవాటు. ఇంజిన్ విప్పినప్పుడు పాత పేపర్ పరిచి బోల్టులు అదే వరసలో పేర్చేవాడు. చిన్నప్పుడు నేను ఒకటి తీసి ఆడుకుంటే, కేక వేయకుండా నా చెయ్యి పట్టుకుని దాన్ని తెచ్చినచోటే పెట్టించాడు. పొడవు స్క్రూని పొట్టి చోట బిగిస్తే లోపల ఏది తగులుతుందో తెలియదు కాబట్టి ఈ కాగితం పని ఎవరూ వదిలేయకండి.

మూత తీయగానే ఫ్యాన్ చుట్టూ పన్నెండేళ్ల దుమ్ము. మెత్తటి కుంచెతో తుడిచాను. బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ పుల్లతో నిదానంగా పైకి లేపి విడదీశాను. ర్యామ్ కర్రలు రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండు పక్కల ఉన్న కొక్కేలను బొటనవేళ్లతో బయటికి నెడితే పైది దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. అంచులు పట్టుకుని లాగాలి, బంగారు రంగు కాళ్లు ముట్టుకోకూడదు. కిందది కూడా అలాగే తీశాను. కొత్తవి అదే ఏటవాలులో దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా టిక్కుమన్నాయి. బ్యాటరీ కనెక్టర్ పెట్టి, మూత ఇంకా బిగించకుండా, పవర్ నొక్కాను.

తెర నల్లగానే ఉంది. మూడు బీప్‌లు. ఐదు సెకన్లు నిశ్శబ్దం. మళ్లీ మూడు.

గుండె జారిపోయింది. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. అప్పుడు మాన్యువల్‌లో చదివింది గుర్తొచ్చింది. ఐదు సెకన్లకోసారి ఒక్క బీప్ అయితే ర్యామే లేదని. మూడు బీప్‌లు, తర్వాత విరామం అయితే ర్యామ్ ఉంది కానీ పరీక్షలో నెగ్గలేదని. అంటే బోర్డు బతికే ఉంది, ర్యామ్ ఉన్నట్టు దానికి తెలుస్తోంది. మళ్లీ ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, టార్చ్ వేసి చూస్తే కింది కర్ర ఒక చివర బంగారు గీత బయటికి ఎక్కువగా కనిపిస్తోంది. టిక్కుమంది గానీ లోపలికి పూర్తిగా దిగలేదు. పైదీ కిందదీ తీసి, ఈసారి ఏటవాలుగా ఉన్నప్పుడే గట్టిగా లోపలికి నెట్టి, గీత దాదాపు మాయమయ్యాకే కిందికి నొక్కాను.

ఈసారి మ్యాక్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే ఆ పాత మోగుడు వినిపించింది. అబౌట్ దిస్ మ్యాక్‌లో 16 జీబీ, 1600 మెగాహెర్ట్జ్, డీడీఆర్3. వంటింట్లోంచి అమ్మ "ఏమైందే" అని అడిగేలా చప్పట్లు కొట్టాను.

ఆ సంతోషంలో నేను చేసిన తప్పు ఇక్కడ దాచకుండా చెప్పాలి. పరీక్ష చేయకుండా నేరుగా నోటు పుస్తకం తీసి 6 పేజీలు స్కాన్ చేసి సేవ్ చేశాను. రాత్రి పది గంటలకు మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి, ఆప్షన్ బటన్ నొక్కి పట్టుకుని దాంట్లోంచి బూట్ చేసి పడుకున్నాను. ఉచితంగా దొరికేదాంట్లో వరసగా 4 సార్లు మొత్తం మెమరీని రాసి, చదివి చూస్తుంది. పొద్దున లేచి చూస్తే తెర మీద ఎర్ర వరసలు. రెండో విడతలో లోపాలు.

16 కనబడింది, మ్యాక్ తెరుచుకుంది, పేజీలు సేవ్ అయ్యాయి, ఒక్క ఎర్రర్ మెసేజ్ రాలేదు. అయినా మెమరీలో ఎక్కడో ఒక గడిలో 1 రాస్తే 0 చదువుతోంది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో దాన్ని పట్టుకుని సరిచేసే ఏర్పాటు ఉండదు. ఆ గడిలో నాన్న పద్యం పేజీ ఉంటే ఒక చుక్క రంగు మారుతుంది, లేదా ఫైలే తెరుచుకోకుండా పోతుంది. అసలు నోటు పుస్తకం చిరిగిపోయాక, పదేళ్ల తర్వాత, ఎవరో తెరిచేదాకా అది తెలియదు. అందుకే ఇంతగా చెప్తున్నాను. బీప్ రాలేదంటే ర్యామ్ బాగున్నట్టు కాదు. కొత్తదైనా పాతదైనా రాత్రంతా పరీక్ష పెట్టకుండా మీ ముఖ్యమైన పనేదీ దాని మీద చేయకండి.

తప్పు కర్రలోనా స్లాట్‌లోనా తేల్చాలి. ఒక్కో కర్రని ఒంటరిగా, రెండు స్లాట్లలోనూ పెట్టి చూశాను. ఏ కర్ర ఏదో గుర్తుండేలా ఒకదాని స్టిక్కర్ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను. చుక్క ఉన్నది ఏ స్లాట్‌లో పెట్టినా లోపాలు చూపించింది. రెండోది రెండు చోట్లా శుభ్రంగా నెగ్గింది. అంటే ల్యాప్‌టాప్‌ది తప్పు కాదు, 16 అనే అంకెదీ కాదు, ఆ ఒక్క కర్రది. చాలామంది ఇక్కడే "చూశావా, కంపెనీ ఊరికే చెప్పలేదు" అని వెనక్కి వస్తారు. తమ్ముడు అదే అన్నాడు. ఒక్కో కర్రని విడిగా చూడకపోతే నేనూ అదే అనుకునేదాన్ని.

మంగళవారం కాలేజీ అయ్యాక మళ్లీ సీటీసీ. ఫోన్‌లో తీసిన ఎర్ర వరసల ఫొటో చూపించాను. పెద్దాయన ఒక్క మాట అనలేదు. తన దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ఆ కర్ర పెట్టి పరీక్ష నడిపాడు. పావుగంటలో అక్కడా ఎరుపు వచ్చింది. నా మంచి కర్రకి సరిపోయే ఇంకోటి వెతికి ఇచ్చి, "టెస్ట్ చేసుకున్నవ్, మంచి పని చేసినవ్ అమ్మా. ఎవ్వరు చెయ్యరు" అన్నాడు. చెడినదాన్ని మళ్లీ డబ్బాలో వేయకుండా నా ముందే రెండు ముక్కలుగా విరిచేశాడు. అది చూసి ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

కొత్త జతకి మళ్లీ రాత్రంతా పరీక్ష పెట్టాను. 4 విడతలూ, సున్నా లోపాలు. అప్పుడే మూతకు స్క్రూలు బిగించాను. ముందు తీసిన ఆ 6 పేజీలు తుడిచేసి మళ్లీ స్కాన్ చేశాను.

ఇప్పుడు 20 పేజీలు తెరిచినా గ్రాఫ్ పచ్చగానే ఉంటుంది, స్వాప్ సున్నా. ఒక పేజీనుంచి ఇంకో పేజీకి వెళ్లడానికి ఇదివరకు పదిహేను, ఇరవై సెకన్లు చక్రం తిరిగేది. ఇప్పుడు వెంటనే వస్తుంది. కానీ అన్నీ వేగం అయ్యాయని చెప్పను. పేజీ వంకర సరిచేయడం, టెసెరాక్ట్ అనే ప్రోగ్రామ్‌తో తెలుగు అక్షరాలు గుర్తించడం ప్రాసెసర్ పని, వాటికి అప్పుడు ఎంత పట్టేదో ఇప్పుడూ అంతే. ప్రోగ్రామ్‌లు తెరుచుకోవడంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. 8తోనే గ్రాఫ్ పచ్చగా ఉండేవాళ్లు 16కి వెళ్తే ఏమీ మారదు. ఆ డబ్బు కొత్త బ్యాటరీకి దాచుకోవడం మేలు. ఈ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన ఆఖరి సిస్టమ్ కాటలినా. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. అందుకని బ్యాంకు పనులు దీంట్లో పెట్టుకోను. ఇది స్కానింగ్‌కే.

తీసేసిన రెండు 4 జీబీ కర్రలు తమ్ముడు పట్టుకెళ్లాడు, వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్‌లో 4 మాత్రమే ఉందట. వెళ్తూ వెళ్తూ "దానికెంత పడుతుందో ముందు నువ్వే చూసి చెప్పక్కా" అన్నాడు. ప్రాసెసర్ పేరు పంపమన్నాను.

నిన్న రాత్రికి పందొమ్మిదో పుస్తకం అయింది. అందులో ఒక పేజీని తెర మీద పెద్దది చేసి చూస్తుంటే, నీలం అక్షరాల మధ్య, మామూలు కంటికి కనబడనంత లేతగా, ఎర్ర సిరాతో చిన్న చిన్న నిలువు గీతలు కనిపించాయి. పద్యం ఎత్తుగడలో ఒకటి, మూడో పాదం మధ్యలో రెండు. ఏమిటా అని అమ్మను పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఊపిరి తీసుకునే చోట్లే అవి" అంది.